ఏడో పంటు బాతు

నమోదు 1, శుక్రవారం

ఏడో పంటు ప్రజలకు, రాబోయే తరాలకు, ఈ నమోదు ఎప్పటికీ చదవబోని పై అధికారులకు విన్నవించుకునేది ఏమనగా: నేను, దంగేటి ఫణీంద్ర, బి.టెక్., ఈ ఉదయం నుంచి నీటి గదికి తాత్కాలిక ఆటగాణ్ణి. బాధ్యత స్వీకరిస్తూ గొంతు సవరించుకున్నాను. గదిలో పంపులు తప్ప ఎవరూ లేరు. అవి లేచి నిలబడలేదు.

పర్మనెంటు ఆటగత్తె మంగతాయారు అత్తయ్య కంటి ఆపరేషన్ చేయించుకుంది. రెండు కళ్లకూ కట్టు. ఆ కట్టు విప్పేదాకా బాతు బాధ్యత నాది. నేను కంప్యూటర్ సైన్సు చదివాను కాబట్టి నాకు ఇచ్చారు. మా కాలేజీలో కంప్యూటరు లేదని, బోర్డు మీద బొమ్మ వేసి చూపించేవారని ఇంటర్వ్యూలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పని సులువే. టీవీలో ఒక బాతు ఉంటుంది. దాని ముందు నాలుగు తలుపులు. తలుపుల వెనక నీలం చుక్కలు వస్తే నీళ్లు, తెల్ల చుక్కలు వస్తే ఉప్పు. నీలానికి తీయాలి, తెలుపుకి మూయాలి. టీవీలో బాతు తలుపు తీస్తే గోడవతల ఇనప తూము నిజంగానే తెరుచుకుంటుంది. సముద్రం నీళ్లు ఒక వైపు నుంచి వచ్చి, మంచినీళ్లయి ఇంకో వైపు తొట్టిలో పడతాయి. సూర్యుడు తుమ్మిన ఏడాది లోకంలోని సన్నటి చిప్పులన్నీ చచ్చిపోయి, పాత వీడియో గేముల్లోని మొద్దు చిప్పులు మాత్రమే బతికాయి. మొద్దులే బతుకుతారన్న ఆ సంగతి నాకు పరీక్షల సమయంలో చాలా ధైర్యాన్నిచ్చింది. అప్పుడు సుదర్శనం మాస్టారు తూములన్నిటినీ ఒక గేము మిషన్‌కి కలిపి, బాతు ఆట రాసి, ఒక కాట్రిడ్జ్‌లోకి ఎక్కించారట. తూములు తిప్పడం జనానికి నేర్పలేం, బాతును ఆడించమంటే ఎవరైనా ఆడతారు అన్నది ఆయన లెక్క. మాస్టారు పోయారు. బాతు ఉంది.

మంచినీళ్లు చప్పగా ఉండడం మా పంటులో ఎంత పెద్ద సంగతంటే, ఇక్కడ ఎవరూ ఎదురుపడినప్పుడు బాగున్నారా అని అడగరు. చప్పగా ఉన్నారా అంటారు. కోరంగి మడ అడవుల పక్కన, ఒకప్పుడు ఏరు దాటించిన, ఇప్పుడు గొలుసులతో ఒకదానికొకటి కట్టిన పాత పంటుల మీద, చుట్టూ ఉప్పునీళ్ల మధ్య బతికే వాళ్లకు అంతకంటే మంచి మాట లేదు.

అత్తయ్య అప్పగింతలు పెడుతూ ఒకటే చెప్పింది. "శుక్రవారం శుక్రవారం కాట్రిడ్జ్‌కి బొట్టు పెట్టడం మర్చిపోకు."

"ఎందుకండీ అత్తయ్యా?"

"పెట్టమన్నాను కదా, పెట్టు. గ్యాసు పొయ్యికి పెడితే ఎందుకని అడుగుతున్నావా?"

కాట్రిడ్జ్‌కి ప్లాస్టిక్ డొప్ప ఎప్పుడో పగిలిపోయింది. పచ్చటి బోర్డు, దాని మీద నల్లటి చిప్పు, బయటికే కనిపిస్తాయి. చిప్పు నెత్తిన పసుపు, కుంకుమ, నూనె, మళ్లీ పసుపు, మళ్లీ కుంకుమ. అత్తయ్య ఉద్యోగకాలంలోని శుక్రవారాలన్నీ ఒక చిన్న గుట్టగా గట్టిపడి ఉన్నాయి. దాన్ని చూస్తే ఇంజనీరుకి ఏమనిపిస్తుందో నాకూ అదే అనిపించింది. స్పిరిట్ తెచ్చి, ఈనెపుల్లతో గీకి, పాత బనీనుతో తుడిచి, మెరిసేలా చేశాను. కింద ఒక గుండ్రటి గాజు కిటికీ బయటపడింది. లోపల వెండి పలక, బంగారు తీగలు. నీళ్లలోని క్రిములు చావడానికి గొట్టంలో వెలిగే దీపానికి మూత పగిలి ఉండడం వల్ల గదంతా ఎప్పుడూ పెళ్లి డేరాలా ఊదారంగులో ఉంటుంది. ఆ వెలుతురులో చిప్పు తళతళలాడింది. ఇంత అందాన్ని ఇన్నాళ్లూ కుంకుమ కింద దాచారు కదా అని బాధపడ్డాను. శాస్త్రీయ దృక్పథం ఏడో పంటులో ఈ రోజు తొలి అడుగు వేసిందని భావితరాలు గమనించగలరు.

బాతు: బాగుంది. నీళ్లు: చప్పన.

నమోదు 2, ఆదివారం

చెప్పుకోదగ్గ విశేషం లేదు. బాతుతో పరిచయం పెరిగింది. మా వదిన అలివేణి మధ్యాహ్నం క్యారేజీ తెచ్చింది. ఆవిడకు ఎనిమిదో నెల. అన్నయ్య ఇసుక తోడే డ్రెడ్జరు మీద పనికి వెళ్లాడు, కాన్పు నాటికి వస్తానన్నాడు. ఆవిడకు బీపీ ఉంది, కూరల్లో ఉప్పు మానేసింది, నా కూరలో కూడా మానేసింది.

"నీకు ఉద్యోగం వచ్చిందంటే మీ అమ్మగారు ఊరంతా చెప్పుకుంటున్నారు," అంది. "ఏం ఉద్యోగమని అడిగితే మాత్రం మాట మారుస్తున్నారు."

"జల వనరుల నియంత్రణ అని చెప్పమను."

"బాతుల కాపరి అంటే అందరికీ అర్థమవుతుంది కదా."

బాతు: బాగుంది. నీళ్లు: చప్పన. కూర: మరీ చప్పన.

నమోదు 3, మంగళవారం

బాతు తడబడింది. నడుస్తూ నడుస్తూ ఒక్క క్షణం తోక లేకుండా పోయింది. మళ్లీ వచ్చింది. మూడో తలుపు రెండుసార్లు మిణుకుమంది.

పాత కాట్రిడ్జ్‌లన్నిటికీ వచ్చే జబ్బే ఇది, పిన్నులు పాచిపడితే ఇలాగే చేస్తాయి. కాట్రిడ్జ్ స్లాటులోంచి తీయాలంటే అత్తయ్య చెయ్యే పడాలని ఒక ఆచారం. ఆవిడ కళ్లకు కట్టుంది, ఆచారానికి కూడా కట్టు ఉందనుకుని, సాయంత్రం పంపులు ఆగాక నేనే తీశాను. పెన్సిల్ రబ్బరుతో పిన్నులన్నీ రుద్దాను. అద్దంలా అయ్యాయి. సంతృప్తిగా ఊదబోయి ఆగిపోయాను. ఊదితే నోటి తడి పిన్నులకు తగిలి తుప్పు పడుతుంది. ఈ పంటులో అది తెలిసినవాడు నేనొక్కడినే అయివుంటాను. మిగతావాళ్లంతా చంటిపిల్లల చెవిలో ఊదినంత ప్రేమగా కాట్రిడ్జ్‌లలో ఊదుతారు.

బాతు: రేపటికి కుదురుకుంటుంది.

నమోదు 4, బుధవారం

కుదురుకోలేదు.

ఉదయం బాతు మూడో తలుపు దగ్గరికి వెళ్లి, తలుపును కాకుండా పక్కన గోడను తెరిచింది. నేను ఆ పని చెప్పలేదు. గోడవతల ఏదో తూము తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఏ తూమో తెలుసుకునేలోగా తెల్లచుక్కల గుంపు ఒకటి గబగబా దాటేసింది.

తొట్టిలో ఒక గాజు బుడ్డి తేలుతూ ఉంటుంది. నీళ్లలో ఉప్పు పెరిగితే అది పైకి లేస్తుంది. దాని మీదున్న ఎర్రగీత నీటి మట్టానికి పైకి వస్తే ఆ నీళ్లు తాగకూడదు. వెళ్లి చూశాను. గీత నీటి లోపలే ఉంది, కానీ నిన్నటి కంటే పైకి వచ్చింది. బహుశా నేను వంగి చూశానేమో. నిటారుగా నిలబడి చూశాను. అలాగే ఉంది.

మధ్యాహ్నం వదిన గ్లాసు చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఫణీ, నీ బాతుకి ఏమైంది?"

"ఎందుకు?"

"మంచినీళ్లు ఉప్పేసిన మజ్జిగలా ఉన్నాయి."

"నీకు ఎనిమిదో నెల వదినా. మొన్న సబ్బు వాసన బాగుందన్నావు."

"బాగుందన్నాను, తింటానన్నానా? ఇదిగో, నువ్వు తాగి చూడు."

తాగాను. నాకేమీ తెలియలేదు. తెలియలేదని చెప్పాను. రెండోసారి తాగితే తెలిసింది. అది చెప్పలేదు.

పంపులు ఆగాక అత్తయ్యను పలకరించడానికి వెళ్లాను. ఆవిడ మంచం మీద కూర్చుని, లేని కంట్రోలర్‌ను పట్టుకున్నట్టు రెండు బొటనవేళ్లూ ఆడిస్తోంది.

"ఏరా, బాతు ఎలాగుంది?"

"హుషారుగా ఉందండి."

"బొట్టు పెట్టేవా?"

"పెట్టానండి."

"నీ గొంతేంటి అలాగుంది?" అంది.

"జలుబండి," అన్నాను.

నమోదు 5, శనివారం

మూడో తలుపు ఇప్పుడు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. బాతు కాళ్ల స్థానంలో ఏవో అంకెలు నడుస్తున్నాయి. నేను ఎక్కడ ఏ తలుపు ఉండాలో గుర్తుపెట్టుకుని, కనబడని తలుపులను ఊహించి ఆడుతున్నాను. మూడుసార్లు నెగ్గితే ఒకసారి ఓడుతున్నాను. ఎర్రగీతలో సగం నీటి పైకి వచ్చింది.

ఎస్తేరమ్మగారు వదినను చూడడానికి వచ్చింది. నాలుగు పంటులకు కలిపి ఆవిడే డాక్టరు. బీపీ చూసి, మళ్లీ చూసింది. తర్వాత వదిన కాలి మీద బొటనవేలు నొక్కి తీసింది. వేలు పెట్టిన చోట గుంట పడింది. ఆ గుంట వెంటనే పూడుతుందని నేను చూస్తూ నిలబడ్డాను. పూడలేదు.

"నీళ్లు ఎవరు పడుతున్నారమ్మా ఇప్పుడు?"

"మా మరిది," అంది వదిన.

ఎస్తేరమ్మగారు నా వైపు తిరిగింది. "చదువుకున్నవాడివి కదా బాబూ."

"అవునండి."

"అయితే నీకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంకో వారం ఈ నీళ్లే తాగితే తల్లికి ఫిట్స్ రావచ్చు. బిడ్డ సంగతి నేను చెప్పలేను. అయిదో పంటు వాళ్లని అడిగి ఒక బిందె పంపిస్తాను. వాళ్లకే చాలట్లేదు, ఒక్కటే ఇస్తారు. అది అయిపోయేలోగా నీ మిషను బాగుచెయ్యి."

ఆవిడ వెళ్లాక వదిన కాలు కొంగుతో కప్పుకుంది. "నువ్వలా మొహం పెట్టకు. నా సంగతి అద్దంలో చూసుకున్నట్టుంది, నాకు భయమేస్తోంది," అంది.

నేనేదో జోకు వేద్దామనుకున్నాను. ఎక్కడా దొరకలేదు.

నమోదు 6, ఆదివారం

పిన్నులు శుభ్రంగానే ఉన్నాయి. బోర్డు మీద తుప్పు లేదు. తీగలు తెగలేదు. కాబట్టి కాట్రిడ్జ్ ముసలిదైపోయిందని నిర్ణయించాను. ఇంకోటి కావాలి. ఆరో పంటులో కూడా సుదర్శనం మాస్టారే నీటి గది కట్టారు. ఆ పంటు విడగొట్టేశాక వాళ్ల బాతు ఏమైందో ఎవరికీ తెలియదు. ఇలాంటివి తెలిసే చోటు ఒక్కటే ఉంది, ఆదివారం పడవల సంత.

సిలార్ భాయ్ పడవలో పాత కాట్రిడ్జ్‌లన్నీ ఎండుచేపల బుట్టల్లో ఉంటాయి. చేపల వ్యాపారం మానేసినా వాసన మానలేదు. పడవ ముందు ఒక బోర్డు వేలాడుతూ ఉంటుంది: ఊదినవారు కొనవలెను.

"బాతు ఆట ఏదైనా ఉందాండి, భాయ్?"

"బాతుని మనం కాల్చేదా బాబుగారూ, బాతు మనల్ని కాల్చేదా?"

"బాతు తలుపులు తీసేది."

ఆయన చేతిలోని గుడ్డ కింద పెట్టాడు. "ఆయ్, అదా. ఆరో పంటు సామాన్లలో వచ్చిందండి. అంత దిక్కుమాలిన ఆట నా జన్మలో అమ్మలేదు. బాతు తలుపు తీస్తుంది. తర్వాత మూస్తుంది. అంతే. గెలవడం లేదు, చావడం లేదు. కొన్నవాళ్లందరూ వారం తిరక్కుండా వెనక్కి తెచ్చేసేవారు."

"ఇప్పుడుందా?"

"లేదండి. ఒకాయన తీసుకెళ్లాడు, తిరిగి తేలేదు. నాకే ఆశ్చర్యమేసింది."

కంగారులో నా చేతులు ఏం చేస్తున్నాయో నాకు తెలియలేదు. బుట్టలోంచి ఏదో కాట్రిడ్జ్ తీశాను. తిరగేశాను. ఊదాను.

చిన్నప్పటి నుంచి చేతికి కాట్రిడ్జ్ తగలగానే మూతి దానంతటదే ముందుకొస్తుంది. నాకు తెలిసిన విద్య మూతి దాకా వెళ్లలేదు. సిలార్ భాయ్ మాట్లాడకుండా బోర్డు వైపు వేలు చూపించాడు.

"భాయ్, అలవాటులో..."

"అందరికీ అలవాటేనండి. మీరు ఊదేసి వెళ్లిపోతారు, పిన్నులు పచ్చబడేది నా బుట్టలో కదా."

నా గొడుగు ఇచ్చి ఆ కాట్రిడ్జ్ కొన్నాను. కుస్తీ ఆట. ఇద్దరు పహిల్వాన్లలో ఒకడికి తల కనబడదట, ముందే చెప్పాడు, నిజాయితీపరుడు. వస్తూ వస్తూ బుట్టలోకి ఇంకోసారి చూశాను. డొప్పల్లేని కొన్ని కాట్రిడ్జ్‌లలో చిప్పుల నెత్తిన చిన్న చిన్న కాగితపు చీటీలు అంటించి ఉన్నాయి. ధర చీటీలనుకున్నాను.

బాతును తీసుకెళ్లినాయన ఎవరని అడిగితే భాయే చెప్పాడు, సంత చివర సెలూను పడవ నడిపే పండు. లోపలికి వెళితే కుర్చీలో ఒక పెద్దమనిషి, చేతిలో కంట్రోలర్, ఎదురుగా టీవీలో బాతు. ఆయన గురక పెడుతున్నాడు. పండు ప్రశాంతంగా గడ్డం గీస్తున్నాడు.

"ఈ ఆట నాకు కావాలి పండూ."

"ఇవ్వనండి. ఇది ఆడితే ఎవడైనా నిద్రపోతాడు. నిద్రపోయినోడు కదలడు. నాకు అంతకంటే మంచి కస్టమరు ఎక్కడ దొరుకుతాడు?"

"మా వదిన నీళ్ల కోసం." అంతా చెప్పాను. బాతు అంటే ఏమిటో, తలుపులు అంటే ఏమిటో. పండు కత్తి పక్కన పెట్టి టీవీ వైపు చూశాడు. ఇన్నాళ్లూ కస్టమర్లను నిద్రపుచ్చిన ఆట ఒక ఊరికి నీళ్లిచ్చేదని నమ్మడానికి అతనికి కొంచెం టైము పట్టింది.

"అలాగని ఊరికే ఇచ్చేస్తే నా టీవీ ఖాళీ కదండి," అన్నాడు, ఈసారి మెల్లగా.

కుస్తీ ఆట తీసి పెట్టాను. బాతు పోయి పహిల్వాన్లు వచ్చారు. పెద్దమనిషి కళ్లు తెరిచి, గడ్డం మీద నురగతోనే లేచి కూర్చున్నాడు. "తల లేనోడు గెలుస్తున్నాడ్రా," అన్నాడు.

"కదలకండి, తెగుద్ది," అన్నాడు పండు. కానీ తనూ టీవీనే చూస్తున్నాడు. "సరే, తీసుకెళ్లండి. దీన్ని చూడ్డానికైనా జనం వస్తారు."

పడవలో తిరిగి వస్తున్నంతసేపూ ఆరో పంటు బాతును రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను.

నమోదు 7, సోమవారం

ఆరో పంటు కాట్రిడ్జ్ మా మిషన్‌లో ఆడలేదు. పెట్టగానే టీవీ నిండా పేలాలు. తీసి చూస్తే పిన్నులు పచ్చగా, పొరలు పొరలుగా లేచిపోయి ఉన్నాయి. సెలూనులో ప్రతి కస్టమరూ ఒకసారి ఊదివుంటాడు. పండు మిషన్ స్లాటు బిగుతు కాబట్టి దాన్ని ఎలాగో పట్టుకుంది. మాది వదులు. రబ్బరుతో రుద్దితే పిన్ను మీది పూత ఊడి వచ్చేస్తోంది.

అయిదో పంటు బిందెలో అడుగున కొంచెం ఉన్నాయి. వదిన గుక్కకి బదులు చెంచా లెక్కన తాగుతోంది. పొద్దున్నుంచీ తలనొప్పి అంటోంది.

రెండు కాట్రిడ్జ్‌లనూ పక్కపక్కన బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. మాది: పిన్నులు అద్దాలు, ఆట పాడు. వాళ్లది: పిన్నులు పాడు, ఆట నిక్షేపం. ఒకే మాస్టారు, ఒకే రకం చిప్పు. తేడా ఎక్కడుంది? వాళ్ల చిప్పు నెత్తిన పాతబడిన ఒక కాగితపు చీటీ అంటించి ఉంది. మా చిప్పు నెత్తిన ఏమీ లేదు. గాజు కిటికీలో ఊదా దీపం వెలుతురు తళతళలాడుతోంది.

అప్పుడు నాకు మూడో సెమిస్టరు గుర్తొచ్చింది. ప్రశ్న: ఈ రకం చిప్పులోని సమాచారాన్ని ఎట్లు చెరిపివేయుదురు? జవాబు: గాజు కిటికీ గుండా అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసి చెరిపివేయవచ్చును. రెండు మార్కులు. నాకు రెండూ వచ్చాయి.

ఊదా దీపం అంటే అదే కాంతి. గదిలో అది వెలుగుతున్నంతసేపూ బాతును కొంచెం కొంచెంగా చెరిపేస్తూ వచ్చింది. ముందు తోక, తర్వాత కాళ్లు, తర్వాత తలుపు. ఇన్నేళ్లూ దాన్ని ఆపింది మాస్టారి చీటీ. చీటీ ఊడిపోయాక ఆపింది అత్తయ్య కుంకుమ. దాన్ని స్పిరిట్ పెట్టి కడిగిన శాస్త్రీయ దృక్పథం నాది.

బొటనవేలితో కిటికీ మూసేశాను. ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. చెరిగిపోయింది ఎలాగూ తిరిగి రాదు. కానీ వేలు తీయాలంటే చేతులు రాలేదు. చివరికి వదిన నన్ను వెతుక్కుంటూ వచ్చింది, గోడ పట్టుకుని, మెల్లగా.

"ఏం చేస్తున్నావు? దాని నాడి చూస్తున్నావా?"

చెప్పాను. అంతా, మొదటి శుక్రవారం నుంచి. తిడుతుందనుకున్నాను. ఆవిడ తన నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి, నా వేలు పక్కకు నెట్టి, కిటికీ మీద అంటించింది.

"ఇప్పుడు వెళ్లి తాయారత్తతో చెప్పు."

"రేపు పొద్దున్న..."

"ఫణీ. నీళ్లు చెంచాడున్నాయి."

బాతు: ఎడమ సగం ఉంది. నీళ్లు: ఎర్రగీత పూర్తిగా పైకి వచ్చింది. తాగవద్దని ఇంటింటికీ కబురు పంపాను.

నమోదు 8, మంగళవారం

అత్తయ్య అంతా వింది. బొటనవేళ్లు ఆడడం ఆగిపోయింది.

"బొట్టు పెట్టేనన్నావు కదరా."

"అబద్ధం చెప్పానండి."

"అది ఆ రోజే తెలుసులే. నీకు జలుబు చేస్తే ముక్కుతో మాట్లాడతావు." చేయి చాపింది. "లేపు. తీసుకెళ్లు నన్ను."

దారిలో అడిగాను. "అత్తయ్యా, వెలుతురు తగిలితే పాడవుతుందని మీకు ముందే తెలుసాండి?"

"నాకేం తెలుసురా. మాస్టారు అంటించిన చీటీ ఊడిపోయింది. బోడిగా కనబడింది. పెట్టేను."

పని ఇది. రెండు కాట్రిడ్జ్‌లలోనూ చిప్పు బోర్డుకు అతికించి లేదు, కాళ్లతో గుచ్చి పెట్టి ఉంది. ఆరో పంటు మంచి చిప్పును దాని తుప్పు బోర్డులోంచి పీకి, మా మంచి బోర్డులో గుచ్చాలి. ఇంకో చిప్పు ఈ భూమి మీద ఎక్కడా లేదు. ముందు ఊదా దీపానికి రేకు డబ్బా బోర్లించాను. అది మూత పగిలిన రోజే చేయాల్సిన పని. పగిలిన ఆ మూత ముందు కూర్చునే కదా అత్తయ్య ఇన్నేళ్లు ఆడింది. కళ్లకు పొరలు ఊరికే వచ్చాయా అనిపించింది. ఆ మాట ఇప్పుడు అనే ధైర్యం నాకు లేదు.

చిన్న స్క్రూడ్రైవరు చిప్పు కిందకు దూర్చాను. మొన కిర్రుమని జారింది. తీసేశాను. మళ్లీ దూర్చాను. మళ్లీ కిర్రుమంది.

అత్తయ్య తడుముకుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "నాకు కనబడదు, నీకు నిలకడ లేదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి. ఊ, కానీ."

ఒక వైపు కొంచెం, ఇంకో వైపు కొంచెం. ఆవిడ పట్టు ఎంత బలంగా ఉందంటే నా వేళ్లు నావి కావనిపించింది. చిప్పు లేచింది. లేస్తూ లేస్తూ టప్ మంది. తుప్పులో ఇరుక్కున్న ఒక కాలు విరిగి బోర్డులోనే ఉండిపోయింది.

"ఏంటా చప్పుడు?"

"ఒక కాలు విరిగిందండి."

"ఎవరిది?"

"చిప్పుదండి."

"బాతు కుంటుతూ నడుస్తుందా?"

"నడవదండి. ఒక్క కాలు లేకపోయినా అసలు లేవదు."

ఆవిడ ఎడమ చేతి గాజులకు పిన్నీసుల గుత్తి వేలాడుతూ ఉంటుంది, ఈ పంటులో ఆడవాళ్లందరికీ ఉన్నట్టే. అందులోంచి అన్నిటికంటే సన్నటిది తడిమి తీసి ఇచ్చింది. దాని ముక్కను తుంచి, విరిగిన చోట పెట్టి, సాల్డరు చేశాను. పట్టలేదు. గీకి మళ్లీ చేశాను. పట్టినట్టే ఉంది. పట్టిందని అనుకోవడం తప్ప తెలుసుకునే దారి లేదు. చిప్పును మా బోర్డులో గుచ్చి, కాట్రిడ్జ్ స్లాటులో పెట్టాను. పెట్టేముందు మూతి ముందుకొచ్చింది. వెనక్కి లాక్కున్నాను.

స్విచ్ వేశాను.

టీవీ నల్లగా ఉంది. నల్లగానే ఉంది. నా చెవుల్లో పంపుల హోరు తప్ప ఏమీ లేదు. గుమ్మంలో వదిన నిలబడి ఉంది, రెండు చేతులూ పొట్ట మీద. కాలితో స్టూలు ఆవిడ వైపు నెట్టాను.

బాతు వచ్చింది. తోక, కాళ్లు, అన్నీ ఉన్నాయి. నాలుగు తలుపులూ వచ్చాయి.

కంట్రోలర్ అందుకుని కుడికి నొక్కాను. బాతు ఎడమకు వెళ్లింది. మళ్లీ కుడికి నొక్కాను. మళ్లీ ఎడమకే. ఆరో పంటులో తూములు ఎదుటి గోడ వెనక ఉండేవేమో, మాస్టారు అక్కడి బాతును తిరగేసి రాసినట్టున్నారు. ఒక్కో తలుపు దగ్గరా నా వేళ్లు తప్పు చేస్తున్నాయి. తెల్లచుక్కలు వరసకట్టి వస్తున్నాయి.

"అత్తయ్యా, కుడి నొక్కితే ఎడమకు వెళ్తోందండి. నావల్ల కావడం లేదు."

"ఇలా ఇవ్వు."

"మీకు కనబడదు కదండి."

"కనబడేది ఎప్పుడు చూసేనురా? వినడమే కదా ఎప్పుడూ."

కంట్రోలర్ చేతికివ్వగానే ఆవిడ భుజాలు కిందకు దిగాయి. తలుపు తెరుచుకుంటే ఒక చప్పుడు, ఉప్పు దగ్గరకొస్తే గొట్టంలో ఒక గరగర. నేను ఇన్నాళ్లూ వినలేదు, టీవీయే చూశాను. రెండు తలుపులు తప్పు ఆడింది. మూడోది సరిగ్గా ఆడింది. ఆ తర్వాత తప్పలేదు. కళ్లకు కట్టుతో, తిరగబడిన బాతుతో, ఆవిడ ఒకటొకటిగా తలుపులు తీస్తూ, మూస్తూ ఉంది. మాట్లాడితే ఎక్కడ తప్పుతుందోనని నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను.

మధ్యాహ్నానికి తొట్టిలోని పాత నీళ్లు వదిలేసి కొత్తవి పట్టడం మొదలుపెట్టాం. గాజు బుడ్డి దిగడం మొదలైంది. ఎర్రగీత సగం మునిగింది. తర్వాత అంచు మాత్రమే మిగిలింది. తర్వాత కనబడలేదు. నేను వంగి చూశాను, నిటారుగా నిలబడి చూశాను. కనబడలేదు.

మొదటి గ్లాసు వదినకు ఇచ్చాను. ఆవిడ నోట్లో పోసుకుని, మింగకుండా కాసేపు ఉంచుకుంది.

"చెప్పు వదినా."

మింగింది. ఇంకో గుక్క తాగింది. నన్ను కావాలనే ఏడిపిస్తోందని అప్పుడు అర్థమైంది.

"చప్పగా ఉన్నాయి," అంది.

నమోదు 9, శుక్రవారం

వదిన బీపీ దిగడం మొదలైందని ఎస్తేరమ్మగారు చెప్పింది. కాలి మీద గుంట పడుతోంది, కానీ పూడుతోంది.

ఉదయం తలస్నానం చేసి, ఆరో పంటు చిప్పు నెత్తినున్న మాస్టారి చీటీ మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాను. అత్తయ్య వేలితో తడిమి చూసి, పల్చగా ఉంది, ఇంకాస్త పెట్టమంది. పెట్టాను.

బాతు: బాగుంది. నీళ్లు: చప్పన.